నాగూరుగారి సన్నాయి, సైదాగారి మేళం

మా తాడేపల్లి రామాలయంలో ఈసారి కల్యాణానికి మేళం ఎలా కుదిర్చావని ఇప్పటికి ఏడుగురు అడిగారు. ఏడుసార్లూ మొదటినుంచి చెప్పాను. ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోతున్నాను, పైగా నా గొంతు పక్కగదికి కూడా వినిపించదు. అందుకే ఇన్నాళ్లకు కలం పట్టాను. పెళ్లికో గుడికో సన్నాయి మేళం వెతుక్కుంటూ చిలకలూరిపేట వైపు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని మా చెల్లెలి కూతురు దీన్ని తన బ్లాగులో పెడతానంది.

మా గుడిలో ఇరవై రెండేళ్లు మస్తాన్‌గారు వాయించారు. తెల్లవారుజామున నమాజు చేసుకుని వచ్చి స్వామికి మేలుకొలుపు వాయించేవారు. నిరుడు పళ్లు తీయించుకున్నాక సన్నాయి పట్టు చిక్కడం లేదని మానేశారు. ఆయన శిష్యులు ఇద్దరు, చిలకలూరిపేటలో నాగూరుగారు, మార్టూరులో సైదాగారు. ఒకరి గడప ఒకరు తొక్కి పదేళ్లయింది. ఎవరిని పిలవాలో తేలక కమిటీవారు, "రోజూ కూర్చుని వినేది మీరే కదమ్మా, మీరే చెప్పండి" అని నామీద పెట్టారు. కుదిరినవారికి ఏడాది పొడవునా గుడి మేళం దక్కుతుంది. కుదరనివారికి ఆ మాట చెప్పవలసింది కూడా నేనే. మనిషిని కాదనడం నాకు చేతకాదు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మాఘమాసంలో ఒకేరోజు ఇద్దరికీ పెళ్లి మేళాలు ఉన్నాయని తెలిసింది. పేటలో ముహూర్తం ఎనిమిదీ యాభైకి, మార్టూరులో పన్నెండూ ఇరవైకి. "వచ్చి వినండమ్మా, పెళ్లివారికి మేం చెబుతాం" అని ఇద్దరూ అన్నారు. మా శేషు వదినను తోడు తీసుకుని ఐదున్నరకు వారధి దగ్గర ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టిక్కెట్టు డబ్బులు లేవు. గుంటూరు దాటేసరికి వెలుగొచ్చింది. రోడ్డుకు రెండువైపులా మిరప కల్లాలు, కిటికీ తెరిస్తే తుమ్ములు. ఏడున్నరకు పేటలో దిగి, ఇడ్లీ తిని, మనిషికి ఇరవై చొప్పున ఆటో మాట్లాడుకున్నాం.

"పెళ్లికూతురు వైపా, పెళ్లికొడుకు వైపా అమ్మా?" అన్నాడు ఆటో అతను.

"సన్నాయి వైపు నాయనా" అంది వదిన.

"అయితే నాగూరుగారే! ఆయన వాయిస్తుంటే వంటవాళ్లు కూడా గరిటెలు వదిలేసి వస్తారండీ. పెళ్లిలో పప్పు మాడిందంటే ఆయన వచ్చినట్టే లెక్క."

అతను చెప్పింది అతిశయం కాదు. నాగూరుగారి వెనుక రెండు డోళ్లు, ఒక శాక్సోఫోన్, కరెంటుతో మోగే డ్రమ్ము ప్యాడ్ ఒకటి. ఆయన సన్నాయిలో ఒక ముక్క విసిరితే శాక్సోఫోన్ దాన్ని అందుకుని వంకరలు తిప్పి తిరిగి ఇస్తుంది. రెండు డోళ్లూ ఒకదాన్నొకటి తరుముకుంటూ వెళ్లి, ఇక పడిపోతాయి అనుకున్న చోట టక్కున కలిసి ఆగుతాయి. జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"ఇంకా ఆలోచిస్తావేంటే రాజ్యం, నీ కాలు చూసుకో" అంది వదిన. చూసుకుంటే నా కాలు నేలమీద తాళం వేస్తోంది. మార్టూరు వెళ్లనక్కర్లేదేమో అనిపించింది.

ముహూర్తం దగ్గరపడింది. పురోహితుడు చెయ్యెత్తి సైగ చేయగానే గట్టిమేళం మోగాలి. అప్పుడే తాళి కట్టాలి, అప్పుడే అక్షింతలు పడాలి. ఆ చెయ్యి కోసమే డోలు వాయించేవాళ్లు చూస్తున్నారు. ఇంతలో వీడియో తీసే అతను, "పెళ్లికొడుకుగారూ, ఒక్క నిమిషం, ఇటు!" అంటూ చెయ్యెత్తాడు. అంతే, రెండు డోళ్లూ, ప్యాడూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. హాలంతా అక్షింతలు విసిరేసింది.

"ఆపండయ్యా! సూత్రం ఇంకా పళ్లెంలోనే ఉంది!" అని పురోహితుడు అరిచాడు.

నాగూరుగారు లేచి చేతులు జోడించి, "తప్పు నాది పంతులుగారూ, మన్నించండి" అన్నారు. తన మనుషుల వైపు కోపంగా చూడను కూడా చూడలేదు. తరువాత అసలు గట్టిమేళం ఎంతో గొప్పగా మోగింది. కానీ అప్పటికి అక్షింతలు అయిపోయి చాలామంది ఉత్తచేతులే విసిరారు.

మార్టూరుకు బస్సులో అరగంట. దారిలో వదిన నవ్వు ఆపలేదు, నాకు నవ్వు రాలేదు. సైదాగారికి ఒక్క డోలు, ఒక శ్రుతిపెట్టె, అంతే. ఆయన ఆలాపన నెమ్మదిగా, ఒక్కొక్క స్వరాన్నీ తడుముకుంటున్నట్టు సాగింది. జనం కాఫీలకు లేచారు.

"ఈయన అందుకునేలోపు పెళ్లికూతురికి పురుడు కూడా అయిపోతుంది" అంది వదిన.

మంచి చోట ఆయన ఆలాపన ఎందుకో హఠాత్తుగా తెగిపోయి పరుగు అందుకుంది. అయినా విన్న ఆ కాస్తకే మా స్వామి ముందు కూర్చున్నట్టు అనిపించింది. డోలు దస్తగిరిగారిది. ఆయన ఒకప్పుడు మస్తాన్‌గారి పక్కన వాయించిన మనిషి. అక్కడా వీడియో అతను చెయ్యెత్తాడు, పెళ్లికూతురి మేనమామ ఎత్తాడు. దస్తగిరిగారు కదల్లేదు. సూత్రం లేచిన క్షణానికి మాత్రం డోలు దిక్కులదిరేలా మోగింది. భోజనాల దగ్గర ఆయన్ను అడిగాను.

"చెయ్యి ఎవరైనా ఎత్తుతారమ్మా, చెమట తుడుచుకోవడానికీ ఎత్తుతారు. నేను పళ్లెంలో కొబ్బరిబోండాన్ని చూస్తా. దాని మీది సూత్రం లేచిందా, అదే నాకు సైగ" అన్నారు.

ఎవరిని పిలవాలో నాకు తేలిపోయింది. సైదాగారికి ఖాయం చెప్పి బయటికి వచ్చాను. ఇక రెండో మాట మిగిలింది. మార్టూరు బస్టాండులో బెంచీ మీద కూర్చుని, రామా అనుకుని, నాగూరుగారికి ఫోన్ చేశాను.

"అక్షింతల సంగతేనా అమ్మా?" అన్నారు నేను నోరు తెరవకముందే.

"అవునండీ. మీ అంత సన్నాయి నేను ఈమధ్య వినలేదు. కానీ మా స్వామికి ఏడాదికి ఒక్కటే పెళ్లి."

 ఆయన చిన్నగా నవ్వారు. "న్యాయమేనమ్మా. ఒక్క మాట. సైదా ఆలాపన మొదలుపెడితే జనం లేస్తారు. వాళ్లు లేవడం చూస్తే వాడికి గుండె జారిపోతుంది, తొందరపడి తుంచేస్తాడు. మీ ఆడవాళ్లను మొదటి పావుగంట లేవనివ్వకండి. అప్పుడు వినండి వాడిని. నేనన్నానని మాత్రం వాడికి చెప్పొద్దు."

చెప్పనని మాటిచ్చాను. మూడు గంటల బస్సుకు బయలుదేరి ఐదున్నరకల్లా ఇంట్లో దీపం పెట్టుకున్నాను. కల్యాణం నాడు గుడిలో భజన చేసే ఆడవాళ్లమంతా ముందు వరుసలో కదలకుండా కూర్చున్నాం. శేషు వదిన కూడా కూర్చుంది. సైదాగారు రెండుసార్లు మా వైపు చూశారు. మూడోసారి చూడలేదు. ఆ ఆలాపన ఎంతసేపు సాగిందో నాకు తెలియదు. గడప తొక్కని పదేళ్లలోనూ నాగూరుగారు సైదాగారి ఊపిరి ఎక్కడ తడబడుతుందో మరిచిపోలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు నిండుగా ఉంటుంది.

మేళం కుదుర్చుకోవడానికి వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. సన్నాయి మొదలయ్యాక పావుగంట కుర్చీలోంచి లేవకండి, కాఫీ తరువాతైనా దొరుకుతుంది. ఈ నాలుగు పేజీలూ మీ దగ్గరే దాచుకోండి. మార్టూరు వెళ్తే సైదాగారికి మాత్రం చూపించకండి, నాగూరుగారికి మాటిచ్చాను.