బొటనవేలు పైకెత్తించిన దేవుడు

సహోదరులారా, దాదాపు ఒక సంవత్సరం పాటు నేను కూర్చోలేకపోయాను. పడుకోలేకపోయాను కూడా. నిలబడటం ఒక్కటే మిగిలింది, అదీ పక్కన గోడ ఉంటేనే. నడుములో మొదలైన నొప్పి ఎడమ తొడ వెనకగా, పిక్క మీదుగా, పాదం దాకా కాల్చిన తీగను లాగినట్టు దిగేది, మా ఊరు ఊరిగాం నుంచి కోలారులోని కాలేజీకి నేను వెళ్ళే బస్సు ప్రతి గుంతలోనూ దాన్ని గుర్తుచేసేది, గుంతల విషయంలో మా రోడ్డు ఎవరికీ లోటు చేయదు గనుక నాకు మరిచిపోయే అవకాశం దొరకలేదు. తరగతిలో బోర్డుకు భుజం ఆనించి భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. సారు కొత్త పద్ధతిలో పాఠం చెప్తున్నారని ప్రిన్సిపాలు మెచ్చుకున్నారు.

డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదని మీరు అడగవచ్చు. పోతే ఆపరేషన్ అంటారేమోనని పోలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పలకరు. మా నాయన బంగారు గనిలో పనిచేసేవాడు. కంపెనీ సర్కారు చేతికి వచ్చిన తరువాత, నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, భూమి లోపల ఒత్తిడికి రాయి తనంతట తానే పేలి ఆయన వీపు మీద పడింది. మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప బోనులో ఆయన్ను పడుకోబెట్టి పైకి తెచ్చారు. ఆ రోజు పైన ఆ బోనును లాగే ఇంజను నడిపింది దానియేలు మామ, ఇప్పటి మా సంఘ పెద్ద. తరువాత ఏదో పెద్ద ఊరి ఆసుపత్రిలో నాయన వీపు కోసి కుట్టారు. నాయన మళ్ళీ లేవలేదు. నేను డిగ్రీ చదివే దాకా కిటికీ పక్క మంచం మీదే ఉండి, ఆ మంచం మీదే ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. గని కార్మికుల ఇళ్ళుండే మా లైన్లలో ఇలాంటి మంచాలు ఇంకా ఉండేవి. అందుకే వెన్ను మీద కత్తి పడితే బతుకంతా మంచమే అన్నది మాకు విశ్వాస ప్రమాణంలో చివరి వాక్యం వంటిది. ఎవరూ రాయలేదు, అందరికీ కంఠతా వచ్చు.

కాబట్టి సంఘం నా కోసం ప్రార్థించింది, దానికి నేను బతికినంత కాలం కృతజ్ఞుణ్ణి. నూనె రాశారు. ఉపవాసం ఉన్నారు. నేను కూడా ఉన్నాను, బస్సులో వాంతి రాకుండా అది పనికివచ్చింది. ఇవేవీ పనిచేయడం లేదని తేలాక, సహోదరులారా, నన్ను రాహేలమ్మ అత్త దగ్గరికి తీసుకుపోయారు.

రాహేలమ్మ అత్త దానియేలు మామ భార్య. ఆమె తల్లి కడుపులోంచి కాళ్ళు ముందుగా పుట్టింది. అలా పుట్టినవాళ్ళు నడుము మీద తంతే పట్టు విడిచిపోతుందని మనవాళ్ళ నమ్మకం. ఇక్కడే నా కడుపు మండుతుంది! ముహూర్తాలు వద్దు, తాయెత్తులు వద్దు, దిష్టి తీయించుకోవద్దు అని ప్రతి ఆదివారం గొంతు పోయేలా చెప్పే మనం, కాళ్ళతో పుట్టిన పాదాన్ని మాత్రం చడీచప్పుడు లేకుండా సంఘంలో చేర్చుకున్నాం, బహుశా దానికి బాప్తిస్మం కూడా ఇచ్చాం. డాక్టరు దగ్గరికి పోతే అవిశ్వాసం అట. పొరుగింటి అత్తతో తన్నించుకుంటే విశ్వాసం అట.

నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టారు. అత్త గోడ పట్టుకుని కళ్ళు మూసుకుంది. "యేసయ్యా, ఈ బిడ్డ నడుములో ఉండే పీడను నువ్వే తొక్కేయి తండ్రీ, నా కాలు ఊరికే సాకు" అని ప్రార్థించి తన్నింది. అత్తకు శరీరం ఇవ్వడంలో దేవుడు పిసినారితనం చూపలేదు. బరువు గురించి, ఒత్తిడి గురించి రోజూ పిల్లలకు లెక్కలు చేయించే నేను ఆ చాప మీద ఒక్క సూత్రం కూడా గుర్తుచేసుకోలేదు. చుట్టూ నిలబడినవాళ్ళు హల్లెలూయ అన్నారు. నేనూ ఏదో అన్నాను, అది హల్లెలూయ కాదు.

ఆ వారంలోనే నొప్పి తగ్గింది. అవును, తగ్గింది! దేవునికి స్తోత్రం అని అందరం పాడుకున్నాం. నొప్పితో పాటు పాదంలో స్పర్శ కూడా పోతున్నదని నాకు తెలియలేదు. కోలారు బస్టాండులో దిగి నడుస్తూ ఉంటే, టమాటా బుట్టల పక్కన కూర్చున్న ఒకామె నన్ను పిలిచింది. "యోవ్ సారూ, నీ చెప్పు ఈడే ఉండాది. ఒంటి చెప్పుతో యాడికి పోతావు?" వెనక్కి తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు బస్సు మెట్టు కిందనే ఉంది. అంతదూరం ఉత్త పాదంతో, ఎండలో కాగిన నేల మీద నడిచి వచ్చాను, పాదానికి ఆ కబురే అందలేదు. ఆమె నవ్వుతూనే చెప్పు తెచ్చి ఇచ్చింది. నాకు నవ్వు రాలేదు, నాయన మంచం కళ్ళ ముందు కనబడింది.

ఇంటికి వచ్చి నా భార్య సుగుణకు చెప్పాను. ఇంకొక్క వారం ప్రార్థనలో కనిపెట్టి చూద్దామని కూడా అన్నాను. సుగుణ తక్కువ మాట్లాడే మనిషి. "ప్రార్థన బెంగళూరు రైల్లో గూడా చేసుకోవచ్చు. లెయ్యండి" అంది.

బెంగళూరులో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ నా విద్యార్థుల కంటే కొంచెం పెద్దదిగా ఉంది, అంతే. స్కానింగు చూడకముందే చెప్పులు విప్పించి, కాలి బొటనవేలు పైకి ఎత్తమంది. నేను ఎత్తాను. వేలు లేవలేదు. మళ్ళీ ఎత్తాను. అది పరాయివాళ్ళ వేలులా కదలకుండా నన్నే చూస్తూ ఉంది. ఈ మధ్య నడుముకు దెబ్బ ఏమైనా తగిలిందా అని అడిగితే తన్నారని చెప్పాను. ఎవరు తన్నారంది. సంఘం అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

తరువాత ఓపికగా చెప్పింది. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతున్నదట. నడుము నొప్పితో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి కత్తే అక్కరలేదట, వ్యాయామం చెప్పి ఇంటికి పంపిస్తానంది. కానీ పాదం వాలిపోతే ఆలస్యం చేయకూడదు, మూత్రం మీద అదుపు పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా అదే రోజు పరుగెత్తాలి, నరం మన ఉపవాస కూటాలు ముగిసే దాకా ఆగదు. చివరి ముక్క ఆమెది కాదు, నాది.

అప్పుడు మా నాయన సంగతి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది, గనిలోంచి పైకి తెచ్చినప్పుడు ఆయన కాళ్ళు కదిలేవా అని. కదలలేదని మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. "అయితే ఆయన్ను పడుకోబెట్టింది కత్తి కాదండీ, రాయి" అంది.

సహోదరులారా, ఆ కుర్చీలో నేను ఏడ్చాను, నొప్పికి కాదు. రాయి చేసిన పనికి ఒక తరమంతా కత్తిని తిట్టుకున్నాం! ఈలోగా ఆపరేషన్ ఎంత మారిపోయిందో ఎవరూ మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. జానెడు కోత కోసి, కండను ఎముక నుంచి ఊడదీసి, వారాల తరబడి పడుకోబెట్టిన రోజులు వేరు. నాకు పెట్టిన కోత నా బొటనవేలి గోరంత. కండను కోయకుండా పక్కకు జరిపి, సన్నని గొట్టం దించి, మైక్రోస్కోపులో చూస్తూ నరాన్ని నొక్కే ముక్కను మాత్రం తీసేశారు. ఇవన్నీ మా ఊరికి రెండు గంటల రైలు దూరంలో జరుగుతున్నాయి. రోజూ ఆ రైల్లో మా ఊరి నుంచి వందలమంది పనికి పోయి వస్తారు, ఈ కబురు మాత్రం ఎవరి క్యారియర్లోనూ రాలేదు.

ఆపరేషన్ బల్ల మీద నేను చేసిన ప్రార్థన చిన్నది. "ప్రభువా, ఈ డాక్టరు బిడ్డ చెయ్యి వణకనియ్యకు. ఇక్కడ వణకడానికి నేనొక్కణ్ణి చాలు." ఆయన విన్నాడు. ఆ సాయంత్రమే నన్ను లేపి నిలబెట్టారు, సుగుణ భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిచాను, మిగిలిన కాస్త తీగ మంట కూడా లేదు! వేలు మాత్రం వెంటనే లేవలేదు, నెలల మీద, వ్యాయామం మీద లేచింది, ఇప్పటికీ కొంచెం బద్ధకిస్తుంది. ఉన్నది ఉన్నట్టే చెప్పాలి గనుక చెప్తున్నాను.

ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు దానియేలు మామ వచ్చి, ఆదివారం సాక్ష్యం చెప్పమన్నాడు. సంతోషంగా ఒప్పుకున్నాను. లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆపరేషన్ సంగతి ఇంగ ఎందుకులే సామేలూ. ప్రార్థనతో బాగయినాననే చెప్పు, చాలు" అన్నాడు. అంటే నా చెప్పు జారిన కథ ఉండాలి, నడిచిన కథ ఉండాలి, మధ్యలో డాక్టరమ్మ ఉండకూడదు. ఎవరో ఒకరు ఆ సాక్ష్యం విని, వాలిపోతున్న పాదంతో ఇంకొక ఏడాది ఇంట్లోనే ప్రార్థిస్తూ కనిపెట్టుకుని ఉండాలి. దేవునికి మహిమ రావాలంటే అబద్ధం సాయం కావాలా? ఆయన అంత ఇబ్బందుల్లో ఉన్నాడని నేను ఎప్పుడూ వినలేదు. ఆ ఆదివారం నేను గుడిలో లేచి నిలబడలేదు.

మర్నాడు రాహేలమ్మ అత్త మా వంటింటి తలుపు వైపు నుంచి వచ్చింది. మచ్చ చూపించమంది. చొక్కా ఎత్తాను. కళ్ళజోడు పెట్టుకుని వంగి చాలాసేపు చూసి, "ఇంతేనా?" అంది. తరువాత పీట మీద కూలబడి, సుగుణ చెయ్యి పట్టుకుని చెప్పింది. రెండేళ్ళుగా కొళాయి దాకా నడిస్తే ఆమెకు రెండు కాళ్ళూ బరువెక్కి మొద్దుబారుతున్నాయి, కూర్చుంటే సర్దుకుంటున్నాయి, మామకు చెప్తే ప్రార్థిద్దాం అంటున్నాడు, ఈ మధ్య గుమ్మం దాటడమే కష్టమైపోయింది.

"అందరి నడుములూ నేను తన్నినాను సామేలూ. నా నడుముకు ఎవురుండారు?"

ఆ సాయంత్రమే నేను మామ ఇంటికి పోయాను. కోపంగానే పోయాను. అత్తను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే ఆయన కుర్చీలోంచి కదలలేదు. "వెన్ను కోపిచ్చుకున్నోణ్ణి నేను చూసినానప్పా. మీ నాయన్ను పైకి తెచ్చింది ఈ చేతులే. ఆ మంచం ఈ ఇంట్లో వెయ్యను" అన్నాడు. గని మూతపడి, సైరను ఆగిపోయి ఎన్నో ఏళ్ళయినా ఆయన చేతులు ఇంకా ఆ ఇంజను పిడిని వదలలేదని అప్పుడు అర్థమైంది. నా కోపం సగం అక్కడే జారిపోయింది. డాక్టరమ్మ అడిగినదీ, చెప్పినదీ ఆయనకు చెప్పాను.

"మామా, నాయన్ను పైకి తెచ్చిన వారం ఆదివారం గుళ్ళో మా అమ్మ చెప్పిన సాక్ష్యం గుర్తుండాదా?"

ఉంది. ఆ రోజు గుడిలో ఉన్నవాళ్ళకు అందరికీ గుర్తుంది. మా అమ్మ నన్ను పక్కన నిలబెట్టుకుని, దేవుడు నా మొగుణ్ణి పాతాళం నుంచి పైకి తెచ్చినాడు, దానియేలు కుదుపు లేకుండా ఇంజను తోలినాడు అని ఒక్క ఊపిరిలో చెప్పింది.

"దేవుని మహిమకు అడ్డమని ఆ పొద్దు నీ పేరు తీసేయమని ఎవురూ చెప్పలేదు మామా."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. లోపల అత్త గిన్నెలు సర్దడం ఆపేసింది. మామ నా వైపు తిరిగి, "పొద్దున రైలు ఎన్నింటికి?" అన్నాడు.

అత్తకు నరాల దారి ఇరుకైందన్నారు. ఆపరేషన్ చేసి దాన్ని వెడల్పు చేశారు. ఆమె వయసుకు వారం రోజులు ఉంచి పంపారు. ఇప్పుడు నడుము పట్టినవాళ్ళు అలవాటు చొప్పున ఇంకా ఆమె ఇంటికే వస్తున్నారు. అత్త చాప పరవదు. "ముందు చెప్పులు విప్పప్పా. బొటనవేలు ఎత్తు చూస్తాను" అంటుంది. వేలు లేస్తే ప్రార్థన చేసి, డాక్టరు చెప్పిన వ్యాయామం చేసుకోమని పంపుతుంది. లేవకపోతే అప్పుడూ ప్రార్థన చేస్తుంది, కాకపోతే చెప్పులు వేసుకుని స్టేషను దాకా తానే వెంట నడుస్తూ చేస్తుంది. దానియేలు మామ ఆదివారం ప్రార్థనలో ఆ డాక్టరమ్మను పేరు పెట్టి జ్ఞాపకం చేసుకుంటాడు. పేరు తప్పు పలుకుతాడు గానీ, దేవుడు సర్దుకుంటాడు.

నన్ను లేపినవాడు దేవుడే, ఆ మహిమలో పిసరంత కూడా నేను ఇంకెవరికీ ఇవ్వను. కానీ ఆయన ఇంజను దగ్గర ఎవరిని నిలబెట్టాడో దాచిపెట్టి ఆయన్ను పొగడలేను. ఇది చదువుతున్న మీలో ఎవరైనా మంచం భయంతో నొప్పిని దాచుకుని కూర్చుని ఉంటే, మీ కోసం ప్రాణం పెట్టినవాణ్ణి నమ్మండి, నమ్మి లేవండి, మచ్చ చూడాలంటే మా ఇంటికి రండి, చొక్కా ఎత్తడానికి నాకు సిగ్గు లేదు. కానీ అంతకు ముందు, ఈ పత్రిక పక్కన పెట్టి, చెప్పులు విప్పి, ఒక్కసారి మీ కాలి వైపు చూసుకోండి.