ఫోరానికి ఫ్లాష్ కొట్టిన వైనం

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, తెలియని సంగతి తెలుసుకోవాలంటే తెలిసినవాళ్ల గడప తొక్కాల్సిందే. ఆ గడప కంప్యూటర్‌లో కూడా ఉంటుందని నాకు నేర్పింది ఒక ఫోరం. దాన్ని నడిపే కంపెనీవాళ్లే మూసేస్తుంటే, అందులోని వెయ్యి పేజీలను ఒంటిచేత్తో కాపాడినవాణ్ణి నేనే. (వెయ్యి అన్నది కొంచెం ఎక్కువే. చదువుతూ పోండి, తగ్గుతుంది.)

కర్నూల్లో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. యాభై దగ్గరపడుతుండగా రీళ్ల కాలం పోతోందని భయపడి, కంప్యూటరూ, రంగుల ఫోటోలు అచ్చువేసే మిషనూ కొన్నాను. ఆ విద్యలో నాది అప్పుడు పసితనమే కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చట కిందే జమకట్టుకోండి. మిషను మొండికేస్తే పక్క సందులో ఉన్న నెట్ సెంటర్‌కు పరుగెత్తి, ఆ మిషను కంపెనీ నెట్‌లో నడిపే ప్రశ్నజవాబుల ఫోరంలో ఇంగ్లీషు అక్షరాల తెలుగులో గోడు వెళ్లబోసుకునేవాణ్ణి. అక్కడ అసలు పేర్లు ఎవరికీ లేవు. ఆలూరు మామ, ఓర్వకల్లు తమ్ముడు, అందరికంటే పెద్దదిక్కు కడప అన్న. పొద్దున అడిగితే సాయంత్రానికి కడప అన్న జవాబు వచ్చి ఉండేది. విసుగన్నది ఆయన ఎరగడు. మాలో ఒక ఆనవాయితీ కూడా ఉండేది. చెప్పినట్టు చేశాక సరిగ్గా వచ్చిన మొదటి ఫోటోను ఫోరంలో పెట్టాలి. అదే దండం, అదే దక్షిణ.

అట్లాంటి ఫోరాన్ని ఆదివారంతో మూసేస్తున్నామని, ఇకమీదట కొత్త సైటులో ఫారం నింపితే ఫిర్యాదు నంబరు ఇస్తామని, పాత రాతలేవీ ఉండవని, ఇదంతా మా సౌకర్యం కోసమేనని కంపెనీ ఒక ప్రకటన పెట్టింది. మావాళ్లంతా భగ్గుమన్నారు. వేడుకున్నవాళ్లు వేడుకున్నారు, తిట్టినవాళ్లు తిట్టారు. అందరికీ వచ్చిన జవాబు ఒకటే, ఆ ప్రకటనే మళ్లీ. ఆలూరు మామ చివరగా ఒక ముక్క రాశాడు: "తాగే బాయి పూడ్చేసి, నీళ్లకు అర్జీ పెట్టుకోమన్నట్టుండాది."

శనివారం నేను నెట్ సెంటర్‌కు పోయి, పేజీలన్నీ కావాలని సెంటర్ నడిపే భాయ్‌ని అడిగాను. అక్కడి ప్రింటర్ చెడిపోయి ఉంది. "సీడీలో ఎక్కించిస్తా, నిమిషం పని" అన్నాడు భాయ్. ముప్పై ఏళ్లు కెమెరా పట్టినవాడికి సీడీ ముష్టి ఎందుకని నాకు పౌరుషం వచ్చింది. స్టూడియోకు పోయి, పెళ్లిళ్లకు వాడే పాత కెమెరా తెచ్చి, నలుపు తెలుపు రీలు వేసి, కంప్యూటర్ తెరను ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఫ్లాష్ ఫెళ్లుమనేసరికి చెక్క గదుల్లో ఉన్న కాలేజీ పిల్లకాయలు పోలీసులనుకుని పుస్తకాలు ముఖానికి అడ్డం పెట్టుకుని పరారయ్యారు. రీలు అయిపోయేసరికి సెంటర్‌లో నేనూ భాయే మిగిలాం. (రీలుకు ముప్పై ఆరు ఫోటోలు. వెయ్యి ఎట్లా తగ్గిందో చూశారు గదా.)

పదిరోజులు తిరక్కుండానే కోసిగి నుంచి ఒకామె వచ్చింది. ఆమె కూతురి పెళ్లికి ఫోటోలు తీసింది నేనే. కూతురూ అల్లుడూ సోమవారం రైలుకు పనులకు పోతున్నారట, మళ్లీ వానలకే రావడం. "పిల్ల పొయ్యేలోగా పటం కట్టియ్యప్పా. ముఖం చూసుకుంటా ఉంటా" అంది. సరేనన్నాను. ఆ పూటే మిషనులో కొత్త రంగులు పోశాను. పెళ్లికూతురు ముఖం గోరింటాకు ముద్దలా ఆకుపచ్చగా వచ్చింది. ఎన్నిసార్లు తీసినా అంతే. కొత్త సైటులో ఫారం నింపితే నంబరు వచ్చింది, ఆదివారానికి జవాబూ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినదని. పిల్ల మాత్రం పచ్చగానే ఉంది.

ఈ జబ్బుకు మందు కడప అన్న ఎప్పుడో చెప్పాడు, అది నా రీలులో ఉంది. చీకటిగదిలోకి పోయి రీలు కడిగి, ఫోటోలు వేశాను. ప్రతి ఫోటోలోనూ తెర నడిమధ్య ఒక సూర్యుడు. ఫ్లాష్ వెలుగు గాజు మీద కొట్టి, రాత ఉన్నచోటల్లా తెల్లగా మెరుస్తోంది. అద్దం ముందు ఫ్లాష్ వేయకూడదని శిష్యులకు చెవినిల్లు కట్టుకుని చెప్పినవాణ్ణి నేనే. రీలు చేతిలో పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాను.

స్టూడియోలో ఆల్బమ్‌లు అంటించే పని నా భార్యది. ఆమె నా వాలకం చూసి, అట్ట చినిగిన నోటుబుక్కు ఒకటి తెచ్చి ముందు పెట్టింది. 'ముఖం పచ్చగా వస్తే' అని పైన రాసి, కింద మిషనులో ఏ రంగు ఎంత పెట్టాలో కడప అన్న చెప్పిన అంకెలన్నీ వరసగా ఉన్నాయి. సెంటర్ నుంచి వచ్చి నేను గొప్పగా చెప్పినవన్నీ ఆమె ఏళ్ల తరబడి రాసిపెట్టుకుంది. ఎందుకని అడిగాను.

"నువ్వు రెండు దినాలకు మర్చిపోతావు. మళ్లీ పోయి అడిగితే ఆ కడపాయన ఏమనుకుంటాడు?"

అంకెలు సరిచేసి, మొదటి రెండు కాగితాలు పారేశాక, మూడోదానిలో పెళ్లికూతురు తన చామనఛాయతో తాను వచ్చింది. నవ్వుతోంది కూడా. అంతవరకు ఆ నవ్వు నేను చూడనేలేదు. సోమవారం నేనే కోసిగి స్టేషనుకు పోయి, రైలు కదిలేలోగా పటం ఆ తల్లి చేతిలో పెట్టాను. ఆమె నన్ను నూరేళ్లు బతకమని దీవించింది. ఆనవాయితీ ప్రకారం ఫోటో పెట్టడానికి ఫోరం లేదు కాబట్టి, ఇంకో ప్రతి తీసి కడప అన్నకు పోస్టులో పంపాను.

ముఖం తెలియని ఒక మనిషి చెప్పిన మాట, మా ఇంటి నోటుబుక్కు గుండా పోయి, కోసిగిలో ఒక గోడకు వేలాడుతోంది. అది తలుచుకున్నప్పుడల్లా ఆ కంపెనీ మీద కోపం కూడా చల్లారిపోతుంది.

ఇంతవరకు రాసి నా భార్యకు చదివి వినిపించాను. మెచ్చుకుంటుందేమోనని కళ్లజోడు తీసి చూశాను.

"కోసిగికి పోయింది నేను. నువ్వు ఆ పొద్దు మిషను కాడ్నే నిద్రపోతివి. ఆయమ్మ దీవించల్యా ఏం చెయ్యల్యా, పటం చూసుకుని ఏడ్చింది, అంతే. కడపకు పంపినానంటివే, ఆ కవరు బీరువాలో నా నోటుబుక్కు కిందనే ఉండాది. అన్నేండ్లు అన్నా అన్నా అంటివి, పేరే అడగకపోతివి. అడ్రెస్సు యాడ రాస్తావు?"