ఆగింది, కానీ దిగలేదు

ఢిల్లీలో మా రాజం బావ దహనానికి వెళ్లి, ఈ రోజు విమానంలో తిరిగొచ్చాను. పేరుకు డైరెక్టు విమానమే, దారిలో నాగపూర్‌లో ఆగింది. నేను సీట్లోంచి లేవలేదు. తరచూ తిరిగేవాళ్లకు ఇచ్చే మైళ్ల కార్డు నా దగ్గర ఉంది. హైదరాబాదులో దిగాక, నాగపూర్‌లో ఆగినందుకు విడిగా మైళ్లు కలపమని కౌంటర్లో అడిగాను.

"మీరక్కడ దిగలేదు కదండీ. ఒకే నంబరు విమానం. ఆగినా లెక్కలోకి రాదు," అంది అక్కడి అమ్మాయి.

చిర్రెత్తుకొచ్చింది. ఆ కోపంలోనే కారెక్కి, ఎక్కడా ఆగకుండా కరీంనగర్ చేరాను.

గడపలోనే అవ్వ అడ్డం నిలబడింది. చావుకు పోయినవాళ్లు దారిలో ఎక్కడైనా దిగి, కాసేపు కూర్చుని ఇంటికి రావాలి. లేకపోతే పోయినవాళ్లు వెంట వస్తారని మా అవ్వ పట్టింపు.

"నడుమ ఏడన్న కూసున్నవా బిడ్డా?"

"నాగపూర్‌ల ఆగినం అవ్వా."

"ఆగుడు గాదురా, దిగినవా?"

"దిగలే."

అవ్వ నా భుజం మీదుగా వాకిట్లోకి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను స్నానం చేసి వచ్చేసరికి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చిపెట్టింది.

"రెండోది ఎవరికే?"

"ఎంట తోల్కచ్చినవు గదా. ఉత్తగ కూసుండవెడ్తమా?"

నవ్వుకుంటూ నాది తాగి, ఇది రాయడానికి కూర్చున్నాను. ఇప్పుడు చూస్తే రెండో గ్లాసు సగమే ఉంది. అవ్వ చాయ్ తాగదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

గ్లాసు కడగాలా, మళ్లీ నింపాలా? మీరైతే ఏం చేస్తారు?