గుడి హాల్లో ఆరోగ్య శాఖ

అమెరికా ఆరోగ్య వ్యవస్థను సంస్కరించే నాయకులు వాషింగ్టన్‌లో ఉంటారని ప్రతీతి. చాండ్లర్ అనే ఊళ్లో మాత్రం ఆ భారాన్ని కొన్నేళ్లపాటు వసంతలక్ష్మిగారు మోశారు. మామూలు రోజుల్లో ఆమె పంటి డాక్టరు ఆఫీసులో బిల్లింగ్ చూసేవారు. నవంబరు, డిసెంబరు శనాదివారాల్లో మాత్రం గుడి హాల్లో, చెప్పుల స్టాండుకీ ప్రసాదం కౌంటరుకీ మధ్య, మడత బల్ల వేసుకుని కూర్చునేవారు. ఉద్యోగం తరఫున ఇన్సూరెన్సు లేనివాళ్లకి ప్రభుత్వ సైటులో ఫారం నింపిపెట్టడం ఆమె పని. శిక్షణ పొందిన మనిషి. మెడలో బ్యాడ్జీ కూడా ఉండేది. తరవాత ఇలాంటి సాయానికిచ్చే నిధులు కోసేశారు. బల్ల పోయి ఆ చోట ప్లాస్టిక్ మొక్క వచ్చింది. దానికి ఏ ఇన్సూరెన్సూ అక్కర్లేదు.

జబ్బులేమిటని ఆమె ఎవరినీ నోటితో అడిగేవారు కాదు. "ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ సంచిలో వేసుకు రండి" అనేవారు. "నాకేం రోగమండీ, గుండ్రాయిలా ఉన్నా" అన్న మనిషి సంచిలోంచి తొమ్మిది సీసాలు బయటపడేవి. వాటిని వరసగా నిలబెట్టి, శాసనసభను చూసినట్టు చూసేవారు.

ఒక డిసెంబరు పదిహేను, శనివారం, సూర్యప్రకాశరావుగారు వచ్చారు. కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయింది. నెలాఖరుతో ఇన్సూరెన్సూ పోతుంది. జనవరిలో గుండె కవాటం మార్చాలి. జనవరి ఒకటి నుంచి ఇన్సూరెన్సు రావాలంటే ఆ రోజే ఆఖరు గడువు. ఆయన ముందే ఇంట్లో ఫారం నింపేసుకున్నారు. మీకు అరవై ఐదు దాటాయి, పెద్దవాళ్ల మెడికేర్‌కి వెళ్లండి అంది సైటు. మెడికేర్‌కి ఫోన్ చేస్తే, మా రికార్డులో మీకు అరవై మూడే, సైటుకే వెళ్లండి అన్నారు. మహా ఘనత వహించిన రెండు శాఖల నడుమ రావుగారు ఏ వయసూ లేకుండా నిలబడ్డారు.

"రావుగారూ, ఈ పుట్టినరోజు ఎక్కడిది?"

"మా అమ్మ చెప్పిందమ్మా. జాతకం కూడా ఉంది."

"జాతకం అప్‌లోడ్ చేస్తే సైట్ క్రాష్ అవుతుంది. పాస్‌పోర్ట్‌లో ఏముంది?"

"అది స్కూల్లో వేసిన డేటు. రెండేళ్లు తక్కువ. ఇన్నాళ్లూ అన్నిచోట్లా అదే రాశా. కానీ వైద్యం దగ్గర అబద్ధమాడకూడదంటారు."

"ఇది వైద్యం కాదండీ, గవర్నమెంటు. దానికి రికార్డు చెబితే చాలు."

"ఫారం కింద చూశావా? తప్పు రాస్తే శిక్ష అని ఉంది. దాని కింద సంతకం పెట్టి ఆపరేషన్ బల్ల ఎక్కమంటావా?"

వెనక క్యూలో ఎవరో దగ్గారు. వసంతలక్ష్మిగారు ఆయన ఆరు సీసాలనూ ఒకసారి చూశారు. గుండెవి నాలుగు.

"ఆ డేటు వేసిందెవరు?"

"మా హెడ్మాస్టారు. నాన్న చేయి పట్టుకుని బళ్లోకి వెళ్లిన రోజే. 'వీడికి సర్కారు ఉద్యోగమొస్తే రెండేళ్లు ఎక్కువ చేసుకుంటాడు' అన్నారట." ఆయన గొంతు మెత్తబడింది. "తెల్ల పంచె, చేతిలో ఇంత లావు రిజిస్టరు. పలక పగిలితే ఆయనే కొనిచ్చేవారు."

"అరవై ఏళ్ల కిందట మీ మంచి కోరి ఒక మాట రాశారు పెద్దాయన. చదువు చెప్పిన గురువు. ఆయన రాసింది అబద్ధమని ఇవాళ ఈ దేశానికి మీరు ఫిర్యాదు చేస్తారా?"

రావుగారు అబద్ధానికి భయపడే మనిషి. గురుద్రోహానికి ఇంకా భయపడే మనిషి.

"మాస్టారు రాసిందే రాయమ్మా" అన్నారు చివరికి.

సైటు రెండు నిమిషాల్లో ఒప్పుకుంది.

జనవరి రెండోవారంలో ఆపరేషన్ జరిగిన రోజు వసంతలక్ష్మిగారు సెలవు పెట్టి, ఆసుపత్రి హాల్లో ఆయన భార్య పక్కన ఐదు గంటలు కూర్చున్నారు. సర్జన్ బయటికొచ్చి కవాటం బాగా పనిచేస్తోందన్నాడు. ఆవిడ ఏడుస్తుంటే ఈమె లేచి వెళ్లి ఇద్దరికీ కాఫీ తెచ్చారు. చాలా చెత్త కాఫీ. ఇద్దరూ కప్పు ఖాళీ అయ్యేదాకా తాగారు.