పాయింట్లలో కంకర

బ్రాడీపేటలో మా పక్కింటి సిలార్ గారు ముప్పై నాలుగేళ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పట్టాల కింద కంకర కొట్టీ కొట్టీ అరచేతులు కాయలు కాసిపోయాయి. అంత చేసిన మనిషి ఇంట్లో కుదురుగా కూర్చోవచ్చుగా! అబ్బే. ముందు గదిలో మంచమంత చెక్క వేయించి, దాని మీద వేలెడు వెడల్పు పట్టాలు పరిచి బొమ్మ రైలు పెట్టుకున్నారు.

ఆ రైలు ఆయన కోసం కాదు, స్నేహితుడు వీరాంజనేయులు గారి కోసం. ఇద్దరిదీ ఒకటే స్టేషన్. ఈయన కంకర కొడితే, ఆయన లీవరు లాగి బండిని ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మళ్లించే పాయింట్లు చూసుకునేవారు. ఏడు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట ముద్దముద్దగానైనా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. ఆడిస్తుంటే వస్తుందని డాక్టరు చెప్పినా వినకుండా, రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నారు.

"లీవరు చూస్తే వాడి చెయ్యి ఊరుకోదండీ. ఇదీ కాకపోతే వాడిక లేవడు" అని సిలార్ గారు నా దగ్గర కళ్లు తుడుచుకున్నారు. ఆదివారం తీసుకురమ్మని ఆయన భార్యకి కబురు పెట్టారు.

ఇక మిగిలింది కంకర. క్రషర్ నుంచి సంచీడు రాతిపొడి తెచ్చి, భార్య జుబేదా గారి రవ్వ జల్లెడతో అడక్కుండానే జల్లించేశారు. "ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి వచ్చిందంటే మీరు వీధిలో ఉంటారు" అని ఆవిడ గట్టిగానే చెప్పింది. ఈయన విన్నట్టు లేదు. పలుకుల్ని పట్టాల కింది స్లీపరు చెక్కల మధ్య పోసి, బ్రష్షుతో సర్ది, నీళ్లు చిలకరించి, పల్చగా కలిపిన ఫెవికాల్‌ని కంటిచుక్కల సీసాతో బొట్టు బొట్టుగా వదిలారు. బొట్టు జోరుగా పడితే గుంట పడుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. చూస్తున్న నాకే విసుగొచ్చింది. శనివారం సాయంత్రానికి మూడు పాయింట్లతో సహా ఎక్కడా సందు లేకుండా నింపేశారు.

ఆదివారం పొద్దున లీవరు లాగితే పాయింటు కదల్లేదు. మూడూ అంతే. పాయింట్ల దగ్గర కదిలే పట్టా పక్కన సందు వదలాలి. ఆ సంగతి ఆయనకి తెలీక కాదు. గ్యాంగ్‌మన్‌కి పట్టాల దగ్గర ఖాళీ కనపడితే చెయ్యి ఆగదు. ఆ సందు శుభ్రంగా ఉంచే పని ఎప్పుడూ ఆయనది కాదు మరి. ముఖం మాడ్చుకుని కూర్చున్నారు. అంతలో ఆటో వచ్చింది.

"రానంటే రానన్నారు అన్నయ్యా, బలవంతాన ఎక్కించుకొచ్చా" అంటూ పున్నమ్మ గారు భర్తని పట్టుకుని లోపలికి నడిపించింది.

వీరాంజనేయులు గారు కుర్చీలో కూలబడి పట్టాల వంక చూశారు. తర్వాత వంగి, దగ్గరగా చూశారు.

"ఒరేయ్ సిలారూ, పాయింట్లలో కంకర కొట్టావేంట్రా?"

"అలవాటులో కొట్టేశాన్రా."

"ఆ రోజుల్లో అయితే నీ మీద కంప్లయింటు రాసేవాణ్ణి." ఆయన నవ్వారు. పున్నమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పిన్నీసు ఇవ్వు. నువ్వు పక్కకి జరుగు, ఇది నా పని."

ఎడమచేత్తో పిన్నీసు పట్టుకుని ఒక్కొక్క పలుకూ గీకారు. చెక్క కదులుతుంటే కుడిచేతిని ఎత్తి దాని మీద బరువుగా ఆనించారు. ఎవరం సాయం వెళ్లలేదు, వెళితే ఊరుకునేలా లేరు. పన్నెండింటికి మొదటి పాయింటు టిక్కుమని కదిలింది. నాకైతే ఈల వేయాలనిపించింది.

అప్పటికే ఆయన అలసిపోయారు. "పడుకోరా కాసేపు. మిగతా రెండూ సాయంత్రానికి నేను గీకేస్తాలే" అన్నారు సిలార్ గారు.

"వాటి జోలికి పోయావంటే చూడు" అని వీరాంజనేయులు గారు కసిరారు. "రేపు నేనొస్తా."