చూరులో గ్లాసు

"నాయనమ్మా, ఆ ప్లేటు గాడ పెట్టు! అందరు సూస్తున్నరు."

"సూస్తే సూడనియ్. తిన్నది నేనైతే కడిగేది ఇంకొకరా? నల్లా ఏడున్నదో చెప్పు."

"గీడ మనం కడగొద్దు, పనోళ్లుంటరు. కూసో జర."

"నాకేం చేతులు పడిపోయినయా?"

"నా ఇజ్జత్ తీస్తున్నవ్, తెల్సా? ఇంటికాడ గట్లనే, నీ కంచం నీదే, నీ గ్లాసు నీదే, మేం ముట్టొద్దు. గీడ గూడ గదే లొల్లా? ఇగ నిన్నెక్కడికీ తీస్కరాను, పో!"

సూర్యాపేటలో, కోదాడ వైపు పోయే రోడ్డు మీద, మెట్లెక్కి పోయే చిన్న సుషీ హోటల్లో, మొన్న ఆదివారం మధ్యాహ్నం నాకూ నా మనవరాలికీ జరిగిన గొడవ ఇది. అది ఇక్కడే కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ హోటలంటే దానికి ప్రాణం, వారం వారం పోతుంది. నన్నూ రమ్మని ఏడాదిగా బతిమాలుతుంటే, చివరికి దాని పుట్టినరోజని ఒప్పుకున్నాను. సుషీ అంటే జపానోళ్ల తిండి. సముద్రపు నాచట, ఆ నల్లటి రేకులో చుట్టిన చల్లన్నం, మధ్యలో ఉడికిన రొయ్య. ఆ పులుపు నాలుకకు తగలగానే సద్దన్నం గుర్తొచ్చింది. పొయ్యి వెలిగించే తీరిక లేక మనం తిన్న తిండిని ఈ కాలం పిల్లలు ముచ్చటపడి తింటున్నారు కదా అనుకున్నాను, నిజం చెప్పొద్దూ, బాగానే ఉంది. తినడం కాగానే చేతులు వాటంతట అవే ప్లేటు ఎత్తాయి. నా ఈడువాళ్లకు, అందులోనూ మా వాడల్లో పుట్టినవాళ్లకు, ఎందుకో చెప్పనక్కర్లేదు.

పెళ్లయిన కొత్తలో మాడుగులపల్లి నుంచి మిర్యాలగూడ పోయి రైసు మిల్లులో పనికి కుదిరాం. మా ఇంటాయన బస్తాలు మోసేవాడు, నేను ఉడికిన వడ్లను ఎండలో పరిచి కాళ్లతో తిరగదోసేదాన్ని. మిల్లు గేటుకు ఎదురుగా ఒక చాయ్ హోటలు ఉండేది. అంత మంచి చాయ్ మళ్లీ తాగలేదు, ఆ మాట దాచను. అల్లం దంచి వేస్తే వాసన మిల్లు లోపలికి వచ్చేది. హోటలు లోపల బల్లలుండేవి, వాటి మీద కూర్చునేవాళ్లకు హోటలు గ్లాసులుండేవి. మా కులపోళ్ల గ్లాసులు మాత్రం బయట, చూరులో దోపి ఉండేవి. మన గ్లాసు మనమే తీసి కడుక్కుని, చేయి చాపి పట్టుకుంటే హోటలాయన పైనుంచి పోసేవాడు. నిలబడి తాగి, మళ్లీ కడిగి, చూరులో దోపి రావాలి. ఎవరూ కేకలేసేవాళ్లు కాదు, అందరికీ అలవాటైపోయిన పనికి కేకలెందుకు?

చదివింది మూడో తరగతే అయినా నాకు రోషం ఎక్కువ. నా గ్లాసుకు ఎవడూ వంక పెట్టకూడదని బూడిదేసి తోమితే, చూరులో అది లోపలి గ్లాసులకంటే మెరిసేది. ఒకరోజు మా ఇంటాయన లారీ నింపి, నడుం పట్టుకుని, చూరు వైపు చూడకుండా లోపలికి పోయి బల్ల మీద కూర్చున్నాడు. హోటలాయన కోప్పడలేదు, ఆయన కూర్చున్నంతసేపూ ఎవరికీ చాయ్ పోయలేదు, అంతే. పక్కవాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికొచ్చారు. కాసేపటికి ఆయనా లేచాడు. బతికినన్నాళ్లూ ఇక ఏ హోటల్లోనూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. మొన్నటి దాకా నేనూ ముట్టలేదు. కోదాడ బస్టాండులో పిల్లలు పూరీ కావాలని ఏడిస్తే, దండగ ఖర్చని కసిరి సద్దిమూట విప్పేదాన్ని. నన్ను పిసినారి అనుకున్నారు. అనుకోనిచ్చాను, అసలు సంగతి చెప్పడం కంటే ఆ పేరు మోయడమే తేలిక.

ప్లేటు చేతిలో పట్టుకుని అంతమందిలో ఇదంతా ఏం చెబుతాను? ఆటోలో అది మొహం తిప్పుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక కూడా అలక తీరకపోతే, దగ్గర కూర్చోబెట్టుకుని చూరులో గ్లాసు సంగతి మొదటిసారి చెప్పాను. అది విని, వంటింటి గూట్లో ఉన్న నా గ్లాసు వైపు చాలాసేపు చూసింది.

మిర్యాలగూడలో ఆ హోటలు ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. చూరులు పోయి స్లాబులొచ్చాయి. నా మనవరాలు ఆ సుషీ హోటల్లో కూర్చుంటే పక్క బల్ల దగ్గర ఎవరూ లేవలేదు. ఆ ఒక్కటి చూడ్డానికి మా ఇంటాయన ఉంటే బాగుండేది. కాలం మారిన సంగతి నాకు తెలుసు, నా చేతులకే ఎవరూ చెప్పలేదు.

మరునాడు పొద్దున మనవరాలు చాయ్ పెట్టింది. నా గ్లాసు గూట్లోనే ఉంది. ఇంట్లో అందరూ తాగే గ్లాసులు రెండు తీసి పోసి, ఒకటి నా చేతికిచ్చి, రెండోది పట్టుకుని నా పక్కన కూర్చుంది. అల్లం ఎక్కువైందని చెప్పాను. తాగాక లేచి, నేను తాగిన గ్లాసును దాని గ్లాసు పక్కన, కడగకుండా, సింకులో పెట్టి వచ్చాను.