నా చేత్తో తీసుకున్న నలుపు

ముక్తేశ్వరం చదరంగం క్లబ్బులో తెల్లపావులు గంగాధరరావుగారివి. ఎక్కడా రాసి లేదు, మర్యాద కొద్దీ అలా నడిచిపోతోంది. ఆదివారం సాయంత్రం గ్రంథాలయం వరండాలో ఆయన కూర్చోగానే ఎవరో ఒకరు బోర్డు తిప్పి తెలుపు ఆయన వైపు పెడతారు. పెద్దాయన, కొబ్బరితోటల ఆసామి, క్లబ్బుకు బల్లలూ కుర్చీలూ కొనిచ్చిన మనిషి. ఆయన రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరుపుతారు. ఎదుటివాడు కూడా తన రాజు బంటునే రెండు గళ్లు జరిపి ఎదురుగా నిలబెడతాడు. 'ఆయ్, అలాగేనండి' అన్నట్టుంటుంది ఆ జవాబు. ఇక ఆయన గుర్రం, శకటు ఆయనకు కంఠతా వచ్చిన దారినే బయల్దేరతాయి. ఇటాలియన్ ఆట అంటారు దాన్ని. ఆయన గెలుస్తారు, మేం చప్పట్లు కొడతాం. ఏటా అమలాపురం పోటీకి వెళ్లి, ఇలాంటి మర్యాదలు తెలియని వాళ్ల చేతిలో చిత్తుగా ఓడి వస్తాం. అయినా మాకు సిగ్గు లేదు.

ఆ సిగ్గు తెప్పించింది వీరదుర్గ.

ఐ.పోలవరంలో ఆమెకూ భర్త శివకూ రొయ్యల చెరువులున్నాయి. గట్టు మీద పాకలో కాపలా కూర్చుని ఫోన్లో ఆట నేర్చుకుంది. ఆదివారం చెరువు మీంచి తిన్నగా స్కూటీ ఎక్కి వచ్చేస్తుంది, బట్టలకు మేత వాసన. ఒకాయన ముక్కు మూసుకుంటే, "ఎత్తులు వాసన చూసి వేస్తారాండీ మీరు?" అంది. నోరు అలాంటిది. నాకు ఆ నోరంటే ఇష్టం.

అమలాపురం వెళ్లే జట్టులో నాలుగో చోటు కావాలంటే గంగాధరరావుగారితో ఆడి కనీసం డ్రా చేయాలి. రెండేళ్లు వరసగా ప్రయత్నించి ఓడింది. రెండుసార్లూ నలుపే, రెండుసార్లూ మేం నేర్పిన వినయపు బంటే. ఈసారీ కాకపోతే క్లబ్బు మొహం చూడనని నాతో చెప్పింది.

"ఓపెనింగు, అంటే ఆట మొదలయ్యే తీరు, తెలుపు ఆడేవాళ్ల ఇష్టం కదమ్మా. వాళ్లు తీసిన దారిలోనే మనం పోవాలి" అన్నాను.

"మేత వెయ్యడం నా చేతిలో ఉందండి. తినడం రొయ్య ఇష్టం. తిన్నాయో లేదో అని చెరువులోంచి చెక్ ట్రే ఎత్తి చూస్తే వేసిన మేత వేసినట్టే ఉందనుకోండి, నేను కదా మార్చుకోవాలి? ఇదీ అంతేనండి. మొదటి ఎత్తు ఆయనది. ఓపెనింగు ఇద్దరిదీ."

ఆ ఆదివారం అలవాటు ప్రకారం ఎవరో బోర్డు తిప్పబోతే వీరదుర్గ చెయ్యి అడ్డం పెట్టింది.

"పిడికిళ్లు పట్టండి బాబయ్యగారూ. ఎవరికి ఏది వస్తే అది."

వరండాలో కుర్చీలు కిర్రుమన్నాయి. గంగాధరరావుగారు మీసం కింద నవ్వుకుని, చెరో రంగు బంటు దాచి రెండు పిడికిళ్లూ చాపారు. ఆమె ఎడమది ముట్టుకుంది. నలుపు!

"చూసేవా అమ్మాయ్? దానికే తెల్సు ఎవరి దగ్గరికి వెళ్లాలో" అన్నారాయన. అందరూ నవ్వారు.

"మీరు అంటగట్టిన నలుపు వేరండి. ఇది నా చేత్తో తీసుకున్నది."

ఆయన రాజు బంటు కదిలింది. ఆమె మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోసి, ఆయన బంటును కొట్టేలా ఏటవాలుగా నిలబెట్టింది.

"ఇదేంటమ్మా?"

"నా జవాబండి."

ఇటాలియన్ ఆట అక్కడితో సరి. ఆయన కొడతారనుకుని, ఆ తర్వాతి ఎత్తులన్నీ వారమంతా సాధన చేసి వచ్చింది. ఆయన కొట్టలేదు. తన బంటును ఆమె బంటు పక్కనుంచి ముందుకు దూకించారు. ఈసారి వీరదుర్గ మొహం మాడింది. ఆమె కాదంటే ఆయనా కాదన్నారు. ఇద్దరూ తెచ్చుకున్న ఆటలు రెండూ పోయి, మూడోదేదో బోర్డు మీద మొదలైంది.

"మీరూ మాట వినరన్నమాట. సరేనండి" అంటూ శకటును బయటికి తీసింది.

కాసేపటికి ముందుకు దూకిన ఆ బంటు ఒంటరిదైపోయింది. వీరదుర్గ పావులన్నీ దాని మీదికే తిరిగాయి. గంగాధరరావుగారు కళ్లజోడు తుడుచుకుని, "డ్రా చేసేసుకుందాం అమ్మాయ్. చోటు నీకిచ్చేసేను, పో" అన్నారు.

ఒప్పుకోవే తల్లీ అని లోపల దణ్ణం పెట్టుకున్నాను. ఒక్క తప్పటడుగు పడితే ఇక క్లబ్బుకే రాదు.

"ఇవ్వడానికి చోటు మీ జేబులో లేదండి, బోర్డు మీదుంది" అని ఆ బంటును కొట్టేసింది. ఆ తర్వాత ఆట చాలాసేపు సాగింది గానీ ఆయన కోలుకోలేదు. చివరికి ఓటమి ఒప్పుకుంటూ తన రాజును తానే పడుకోబెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. నేను మాత్రం ఈల వేశాను, ఈ వయసులో.

తర్వాతి ఆదివారం ఆయన వస్తారో రారో అనుకున్నాం. వచ్చారు. తెలుపు వీరదుర్గ వైపు ఉండేలా తనే బోర్డు తిప్పారు.

"కూర్చో అమ్మాయ్. గెలిచేవు కదా, ఇక నుంచి తెలుపు నీదే."

వరండా అంతా మెత్తబడిపోయింది. నా కళ్లూ చెమ్మగిల్లాయి, అబద్ధమెందుకు. వీరదుర్గ కూర్చోలేదు. రెండు బంట్లు తీసుకుని, వెనక్కి దాచి, పిడికిళ్లు ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఒకళ్లిచ్చే తెలుపు నాకొద్దండి. మీకూ వద్దు. ముట్టుకోండి."

ఆయన కోపంగానే చూశారు. చూసి చూసి, కుడి పిడికిలి ముట్టుకున్నారు. నలుపు వచ్చింది. అలవాటు పోదు కదా, ఎవరో లేచి బోర్డు తిప్పబోయారు.

"ముట్టుకోకు. నా చేత్తో తీసుకున్నాను" అన్నారు గంగాధరరావుగారు.

వీరదుర్గ రాజు బంటును రెండు గళ్లు జరిపింది. ఆయన మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోశారు.